ఉప్పు అడిగిన ఒళ్ళు

కాప్రా, సికింద్రాబాద్
20 ఆగస్టు 2000

వదినగారికి లోవలక్ష్మి నమస్కారాలు.

మీరు పంపిన పార్సెల్ అందింది. మా తమ్ముడు సూర్య దాన్ని భీమిలి నుంచి ఇక్కడికి బస్సులో మోసుకొచ్చాడు. ఎండు నెత్తళ్ళ చేపల వాసనకి పక్క సీటువాళ్ళు దారి పొడుగునా తిట్టారట. "అక్కా, మీ ఆడపడుచుకి చెప్పు, ఇంకోసారి నా చేత మోయించొద్దని" అంటూ డబ్బా గుమ్మంలోనే దించేసి వెళ్ళాడు. మీ తమ్ముడికి మాత్రం పండగే. చెప్పులు విప్పకుండానే మూత తీసి, నేను వేయించేదాకా కూడా ఆగకుండా రెండు నోట్లో వేసుకున్నారు.

కొత్త ఉద్యోగం ఏమిటని అడిగారు. ఆఫీసు పద్మారావు నగర్‌లో ఒక మేడ మీద. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి ఫలానా జబ్బు, ఫలానా మందు అని నోటితో చెబుతారట. అదంతా కంప్యూటర్‌లో ఇక్కడికి వస్తే, వీళ్ళు చెవులకి తగిలించుకుని విని టైపు చేయాలి. వాళ్ళకి పగలు మనకి రాత్రి కాబట్టి ఈయన తెల్లారి ఇంటికొస్తారు. "సాఫ్ట్‌వేరా?" అని అడిగినవాళ్ళందరికీ అవుననే చెబుతున్నాను. ఈ ఊళ్ళో ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళంతా సాఫ్ట్‌వేరే.

మనిషి మాత్రం చిక్కిపోయారు. బెల్టుకి కొత్త బెజ్జం పొడుచుకున్నారు. రంగు కూడా తగ్గారు. ఇంటావిడ విజయమ్మగారు మొన్న, "ఏందమ్మా, మీ ఆయన గిట్ల నల్లగైండు? రాత్రి నౌకరీ చేసేటోళ్ళు తెల్లగ కావాలె గద!" అని నవ్వారు. నాకూ అదే అర్థం కాదు. ఎండ మొహం చూడని మనిషి నలుపెక్కడమేమిటి? ఉప్పు మీద ధ్యాస కూడా పెరిగింది. జామకాయకి ఉప్పు, పెరుగన్నంలో ఉప్పు, ఆఖరికి ఆవకాయ మీద కూడా ఉప్పు.

ఫోన్ బూత్‌లో నిలబడి ఇవన్నీ చెప్పలేను. వరసలో ఉన్నవాళ్ళు మన కబుర్లు మనకంటే శ్రద్ధగా వింటారు. అందుకే ఉత్తరం. భానుప్రియ ఒకటో తరగతిలో చేరింది, మేనత్తకి ముద్దులు రాయమంటోంది. అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ లోవ

*

భీమిలి
3 సెప్టెంబరు 2000

లోవా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి వినిపించాను. "నలుపేటే, మీ ఇంటి రంగే అది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మా నాన్న రంగు నువ్వు చూడలేదు గదా. ఆయన పక్కన నిలబడితే మా తమ్ముడు పైడిబాబు దొరబాబే. అయినా సున్నిపిండి పంపుతున్నాను, ఆదివారం నలుగు పెట్టు. ముప్పై రెండేళ్ళ మొగుడికి నలుగేమిటని సిగ్గుపడకు. అమ్మ పోయాక వాడికి తల అంటింది నేనే, వాడి ఒంటికి ఏది పడుతుందో నాకు తెలుసు.

నెత్తళ్ళు మళ్ళీ పంపుతాను. సూర్య మొయ్యనంటే ఆ కుర్రాడికి చెప్పు, వాడి పెళ్ళిలో నీకు ఆడపడుచు లాంఛనాలు రెండింతలు ఇప్పిస్తానని.

ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. వాడు ఆ ఉప్పు చేపలు అన్నంలో తింటున్నాడా, విడిగా కూర్చుని నములుతున్నాడా? ఊరికే అడిగాను. మీ అన్నయ్య కథ నీకు తెలుసు గదా, మాల వేసుకోక ముందు సంగతి. మగాడు అన్నం మానేసి కారం, ఉప్పు వెతుక్కుంటున్నాడంటే నాకు గుండె గుబేలుమంటుంది.

భానుకి గౌను కుట్టించాను, కొలత అందాజుగా వేశాను.

అచ్చియమ్మ

*

కాప్రా
8 అక్టోబరు 2000

వదినగారికి,

గౌను సరిపోయింది. కాస్త పొడుగైతే మడత పెట్టాను. ఈ ఉత్తరం మీరొక్కరే చదువుకోండి. అన్నయ్యగారికి కూడా వినిపించకండి.

మీరు ఊరికే అడిగానన్న మాట నన్ను పట్టుకుంది. అప్పటినుంచి చూస్తున్నాను. అన్నం సగం వదిలేసి, నెత్తళ్ళ డబ్బా ఒళ్ళో పెట్టుకుని విడిగానే నములుతున్నారు. పొద్దున్నే వాంతులు. మంచం మీంచి లేస్తే తూలి గోడ పట్టుకుంటారు. ఇదివరకు ఆరింటికి వచ్చే మనిషి ఇప్పుడు ఎనిమిదింటికి వస్తున్నారు. అడిగితే "బస్టాపులో కాసేపు కూర్చున్నానే, కాళ్ళు రావట్లేదు" అంటారు. ఎక్కడి బస్టాపనుకున్నారు? మా చౌరస్తాలో వైన్ షాపు ఎదురుగా ఉన్నది.

వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. రాత్రి డ్యూటీలకి ఇంతేనని బలానికి గోలీలు రాసిచ్చారు.

మొన్న విజయమ్మగారి భర్త తుకారాంగారు ఈయన్ని రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. స్తంభాన్ని కౌగలించుకుని నిలబడ్డారట. నన్ను పక్కకి పిలిచి, "పరేషాన్ కాకు బిడ్డా. జెర ఎక్కువైనట్టుంది. నిమ్మకాయ నీళ్ళియ్యి, దిగుతది" అన్నారు. ఆయన మంచికే అన్నారు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

ఈయన్ని నిలదీశాను. మొదట నవ్వారు. "నేనా? ఒళ్ళు బాగోలేదు లోవా, నిజం" అన్నారు. మళ్ళీ మళ్ళీ అడిగితే కోపం వచ్చి మాట్లాడటం మానేశారు. వాసన మాత్రం నాకెప్పుడూ రాలేదు. అది రాకుండా చేసుకునే ఉపాయాలు ఉంటాయా, వదినా? ఇలాగే సాగితే పాపని తీసుకుని తునిలో మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను. నాకు భయంగా ఉంది.

లోవ

*

భీమిలి
17 అక్టోబరు 2000

లోవా,

నువ్వు ఎక్కడికీ వెళ్ళవద్దు. వెళ్తే వాడు పూర్తిగా పోతాడు. నేను చెప్పినట్టు చెయ్యి.

వాసన రాలేదని రాశావు. మీ అన్నయ్య తాగిన నాలుగేళ్ళూ నాకూ రాలేదు. ఏలకులు, జామాకులు, ఆ తెలివితేటలు చదువుకి పెడితే కలెక్టరయ్యేవారు. తూలడం, పొద్దున వాంతులు, అన్నం సయించకపోవడం, మొహం మాడిపోవడం, అన్నీ నేను చూసినవే. కాలేయం పాడైతే మనిషి నల్లబడతాడు. నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కార్తీకం వస్తోంది. వాడి చేత అయ్యప్ప మాల వేయించు. మీ అన్నయ్యని నిలబెట్టింది ఆ స్వామే. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేల పడక. మందు వాసన వచ్చిన చోట నిలబడటానికి కూడా వీల్లేదు. నీచు ఎలాగూ బంద్. దాంతోపాటు ఊరగాయలు అటకెక్కించు, కూరల్లో ఉప్పు సగానికి తగ్గించు. ఉప్పు తిన్న నాలుకే మందు అడుగుతుంది. ఇది నా అనుభవం.

దీంతో వాడికి వేరే ఉత్తరం పెట్టాను, చేతికియ్యి. అందులో ఎక్కువేం రాయలేదు. "అమ్మ ఉంటే ఏం చేసేదో అదే చేస్తున్నాను. మాల వేసుకో" అని రాశాను. నా మాట వాడు తీసెయ్యడు.

ధైర్యంగా ఉండు. నేను ఏడుస్తూ రాస్తున్నానని వాడితో అనకు.

అచ్చియమ్మ

*

కాప్రా
19 నవంబరు 2000

వదినగారికి,

మీ నోట చక్కెర పోయాలి. వేసుకున్నారు!

మీ ఉత్తరం రెండుసార్లు చదివారు. మడిచి జేబులో పెట్టుకుని, "సరే, అప్ప చెప్పింది గదా" అన్నారు. అంతే. నేను ఎన్ని తయారుచేసుకున్నానో మాటలు, ఒక్కటీ అక్కర్లేకపోయింది. ఇక్కడి గుళ్ళో సదాశివగారని గురుస్వామి. పాతికేళ్ళుగా కొండకి వెళ్తున్న పెద్దాయన, బొల్లారంలో టైలరింగ్ షాపు ఉంది. ఆయన చేతులమీదుగా మాల పడింది. భాను తండ్రిని "స్వామీ, హోంవర్క్ చేయించు స్వామీ" అంటోంది.

ఒకటి మాత్రం మనసులో గుచ్చుకుంది. "తాగలేదు, తాగలేదు అని అన్నాళ్ళు చెప్పారు గదా, మరి మాల ఎందుకు వేసుకున్నట్టు?" అని అడిగాను. "మీరిద్దరూ నిద్రపోవాలి గదా" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టేనా? నేను ఒప్పుకున్నట్టే తీసుకున్నాను. విజయమ్మగారు కూడా "తప్పు తెలుసుకున్నడు, ఇగ ఏం రంది పెట్టుకోకు" అన్నారు. ఆ రోజు నేను కడుపు నిండా తిన్నాను, వదినా.

మీరు చెప్పినట్టే ఊరగాయ జాడీలు ఎత్తి పెట్టేశాను. వంట చప్పగా చేస్తున్నాను. నిన్న పూజ గదిలో చప్పుడైతే చూశాను. దిష్టి తీయడానికి పెట్టుకున్న రాళ్ళుప్పు చప్పరిస్తున్నారు. నన్ను చూసి చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డారు. ఆ గిన్నె కూడా తీసేశాను. నీరసం బాగా ఉంది. ఒంటిపూట భోజనం కదా, మొదట్లో అలాగే ఉంటుందని గుళ్ళో స్వాములంటున్నారు.

మీ లోవ

*

భీమిలి
27 నవంబరు 2000

లోవా,

నాకు ఎంత నెమ్మదిగా ఉందో రాయలేను. పక్కింటి సుబ్బులుకి, చేపల రేవులో అందరికీ చెప్పాను, మా తమ్ముడు దారిలో పడ్డాడని. దాచుకుంటే మళ్ళీ జారతారు. పదిమందికి తెలిస్తే సిగ్గు కాపలా కాస్తుంది.

రాళ్ళుప్పు సంగతి చదివి జాలేసింది గానీ నువ్వు మెత్తబడకు. మీ అన్నయ్య మొదట్లో నేను కొంగున కట్టుకున్న పావలా కోసం ఏడ్చారు. నీరసం కూడా మంచిదే, విషం దిగుతోందన్నమాట. ఇరుముడి నాటికి నేను, మీ అన్నయ్య వస్తాం. సున్నిపిండి వాడుతున్నావా?

అచ్చియమ్మ

*

కాప్రా
6 డిసెంబరు 2000

వదినగారికి,

మొన్న సుబ్బులుగారి ఫోనుకి చేసి "ఆస్పత్రిలో ఉన్నారు, గండం గడిచింది, మీరు బయల్దేరవద్దు" అన్నాను. అన్నీ చెప్పడానికి బూత్‌లో కుదరలేదు. ఇప్పుడు స్థిమితంగా రాస్తున్నాను. మొదటే చెబుతున్నాను, ఆయన బాగున్నారు. ఈ పూట ఇడ్లీలు తిన్నారు. చట్నీలో ఉప్పు చాల్లేదని నర్సు మార్తతో తగువు పెట్టుకున్నారు.

శనివారం సాయంత్రం గుళ్ళో పడిపూజ. హారతికి అందరూ లేచి నిలబడితే ఈయనా లేచారు. లేచినవారు లేచినట్టే కింద పడ్డారు. స్వాములందరూ ఒక్కసారి మూగారు. సదాశివగారు భజన ఆపించి వచ్చి నుదురు, చెయ్యి ముట్టుకున్నారు. "చెయ్యి మంచులెక్క ఉంది. ఆటో పిలువుండ్రి, జల్దీ!" అని అరిచారు. నేను పిచ్చిదానిలా, "స్వామీ, దీక్ష మధ్యలో..." అన్నాను. ఆయన అక్కడే స్వామికి దండం పెట్టి మాల తీసేశారు. "నేను ఏసిన, నేనే తీస్తున్న. పాపమేమన్నుంటే నాకు. పానముంటే ఇంకో ఏడు పోతడు కొండకు" అన్నారు. ఆటోలో ఆయనే తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

ఆస్పత్రిలో దేవకృప అని డాక్టరమ్మ. బీపీ అందడం లేదన్నారు. ఏమైందని నన్ను అడిగితే, వదినా, నేనేం చెప్పానో తెలుసా? "తాగుడు అలవాటండీ, మాన్పించాం, అందుకే ఇలా అయ్యారు" అని చెప్పాను. స్పృహ తప్పిన మనిషి మీద నా నోటితో నేనే చెప్పాను.

ఆవిడ దగ్గరికి వంగారు. ఆయన అరచెయ్యి విప్పి చూశారు. గీతలన్నీ పెన్సిల్‌తో దిద్దినట్టు నల్లగా ఉన్నాయి. నేను బస్సు కడ్డీల మురికనుకునేదాన్ని. నోరు తెరిచి చిగుళ్ళ మీద నల్లటి మచ్చలు చూశారు. చిన్నప్పుడు మోచేతికి తగిలిన గాయం మచ్చ చూశారు, అదీ నల్లబడింది. అప్పుడు అడిగారు, "ఉప్పు ఎక్కువ తింటారా?" అని.

"తినేవారండీ. నేను మాన్పించాను" అన్నాను.

ఆవిడ నన్ను ఒక్కసారి చూసి, "అమ్మా, తాగుతారని మీకెవరు చెప్పారు? ఇది తాగుడు కాదు. ఆయన ఒళ్ళు ఉప్పు అడిగింది" అన్నారు. అంటూనే సెలైన్, ఏదో ఇంజెక్షన్ పెట్టించేశారు. రక్తంలో ఉప్పు అడుగంటిందని తర్వాత రిపోర్టు వచ్చింది.

జబ్బు పేరు అడిసన్స్. మూత్రపిండాల మీద రెండు చిన్న గ్రంథులుంటాయట, టోపీలు పెట్టినట్టు. అవి కార్టిసాల్ అని ఒక హార్మోను చేస్తాయి. మనిషి ఉదయం లేవాలన్నా, జ్వరానికో ఆకలికో దెబ్బకో తట్టుకోవాలన్నా అదే ఊతం. ఇంకోటి ఒంట్లో ఉప్పు బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. ఈయనకి ఆ గ్రంథులు పాడైపోయి రెండూ ఊరడం లేదు. ఉప్పు ఎంత తిన్నా నిలవదు, అందుకే అంత ఆరాటం. నెత్తళ్ళు, ఆవకాయలే ఇన్నాళ్ళూ ఆయన్ని నిలబెట్టాయట. ఉపవాసాలు, చన్నీళ్ళు, చప్పిడి కూడు పెట్టి మనం తోశాం.

మర్నాడు పొద్దున్నే కళ్ళు విప్పారు. డాక్టరమ్మ జబ్బు పేరు చెప్పగానే, "మేడమ్, ఇది నేను టైపు చేశాను. అమెరికాలో ఒకావిడకి ఉంది. స్పెల్లింగ్ ఒక్క తప్పు లేకుండా కొట్టాను" అన్నారు. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. నేను నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి వచ్చాయి.

జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. వేసుకుంటే అందరిలాగే ఉంటారట. ఆ మాట నేను మూడుసార్లు చెప్పించుకున్నాను.

లోవ

*

భీమిలి
14 డిసెంబరు 2000

లోవా,

నీ ఉత్తరం చదివి గడప మీదే కూలబడ్డాను. మీ అన్నయ్య వచ్చి చూసి వాడు పోయాడనుకుని గోల పెట్టారు. ఆయన్ని సముదాయించేసరికి నా ఏడుపు ఆగిపోయింది.

నాకు అన్నీ తెలుసు అనుకున్నాను. ఒక మగాడి తాగుడు చూసినదాన్ని, లోకంలో ప్రతి మగాడి తూలుడూ అదే అనుకున్నాను. ఉప్పు తగ్గించమని రాసిన చెయ్యి ఇదే. ఈ చెయ్యి విరిగిపోనూ.

ఈ నాలుగు రోజులూ ఇంటింటికీ తిరిగాను. రేవులో మొన్న ఎవరెవరికి వాడు తాగుబోతని చెప్పానో వాళ్ళందరికీ జబ్బని చెప్పాను. కొందరు నమ్మారు. సుబ్బులు మాత్రం "పోన్లే ఒదినా, మనింట్లో మాట మనం కప్పుకోవాల" అని కన్ను గీటింది. దానితో మాటలు మానేశాను. చెప్పినంత తేలిగ్గా తుడవడం కుదరదని తెలిసింది.

నాకు కొన్ని సందేహాలున్నాయి, డాక్టరమ్మని అడిగి రాయి. ఉప్పు సంగతి సరే, వాడు నల్లబడటమెందుకు? మీ అన్నయ్యకి షుగరు గదా, అదీ హార్మోనేనని ఇక్కడి కాంపౌండరు అంటున్నాడు, నిజమేనా? నాకీమధ్య ఒంట్లోంచి ఆవిర్లొచ్చి, చిన్నదానికీ పెద్దదానికీ కోపమొస్తోంది. అదీ అదేనా? హార్మోన్లంటే ఇన్నాళ్ళూ కుర్రపిల్లల మొటిమల గొడవనుకున్నాను.

ఆఖరి మాట. నా మీద వాడికి కోపముందా? అడుగు. వాడు ఏమంటే అదే రాయి. నన్ను ఊరడించడానికి కలిపి రాయకు. వాడు తిడితే ఆ తిట్టు కూడా రాయి. అది తెలిసేదాకా నేను అక్కడికి రాలేను.

అచ్చియమ్మ

*

కాప్రా
24 డిసెంబరు 2000

వదినగారికి,

ఇంటికొచ్చి వారమైంది. పొద్దున ఒక మాత్ర, మధ్యాహ్నం ఒకటి. ఉప్పు నిలిపేది ఇంకోటి, గోరంత ఉంటుంది. జ్వరమొస్తే రెట్టింపు వేసుకోవాలి, వాంతులైతే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ సంగతులన్నీ కార్డు మీద రాయించి పర్సులో పెట్టించాను. బెల్టు పాత బెజ్జానికి ఇంకా రాలేదు గానీ మేడ మెట్లు ఆగకుండా ఎక్కారు. విజయమ్మగారు కింద నుంచి చూసి "అబ్బ, పొల్లగాడైండు!" అన్నారు. తుకారాంగారైతే నాలుగు రోజులు ఈయనకి ఎదురు పడలేదు. చివరికి బత్తాయిలు పట్టుకొచ్చి, "నేనే గలత్ సమజ్ చేసుకున్న భాయ్" అన్నారు. ఈయన ఆయన చేతులు పట్టుకుని, "మీరు రెక్క పట్టుకోకపోతే ఆ రోజు నేను ఇంటికే రాలేనండీ" అన్నారు.

మీ సందేహాలు అడిగాను. డాక్టరమ్మ విసుక్కోకుండా చెప్పారు. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఒకటుంటుందట, పెద్ద యజమానురాలిలాంటిది. కింద గ్రంథులకి పని చెప్పేది అదే. టోపీ గ్రంథులు పలకకపోయేసరికి అది మళ్ళీ మళ్ళీ గట్టిగా ఆర్డర్లు పంపుతుంది. ఆ ఆర్డరుకే చర్మాన్ని నల్లబరిచే గుణం కూడా ఉందట. వినేవాళ్ళు లేక అరిచిన అరుపంతా ఆయన ఒంటి మీద కనబడింది. మనం దానికి సున్నిపిండి రాశాం.

అన్నయ్యగారిది ఇన్సులిన్. అదీ హార్మోనే, రక్తంలో చక్కెరని ఒంటికి అందించేది. మీ ఆవిర్లు కూడా అదే. నెలసరి ఆగిపోయే వయసులో ఈస్ట్రోజన్ తగ్గితే అలా వస్తాయట. కోపం సంగతి కూడా అడిగాను. "కొంత హార్మోను, కొంత మనిషి" అన్నారావిడ. కలిపి రాయడం లేదు, ఆవిడ మాటే.

ఇక ఆఖరి మాట. మీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చాను. చదివి కిటికీ దగ్గర కూర్చున్నారు. కోపముందా అని మీరు చెప్పినట్టే అడిగాను.

"మొదట్లో ఉంది" అన్నారు. "నేను చెప్పింది ఒక్కరూ నమ్మలేదు. నువ్వు నమ్మలేదు, అప్ప నమ్మలేదు. కొన్నాళ్ళకి నాకే అనుమానమొచ్చింది, నాకు తెలియకుండా తాగుతున్నానేమోనని."

నేను తల దించుకున్నాను. ఆయనే మళ్ళీ అన్నారు:

"అప్పకి ఇది రాయి. మాల వేసుకున్నా, వేసుకోకపోయినా నేను ఎక్కడో ఒకచోట పడేవాణ్ణే. అది ఆ రోజు గాకపోతే ఇంకో నాడు. మాల లేకపోతే మాత్రం ఆ వైన్ షాపు ముందు బస్టాపులో పడేవాణ్ణి. తాగి పడ్డాడని అందరూ దాటుకుంటూ పోయేవారు. మెళ్ళో మాల ఉండబట్టి గదా, స్వామీ స్వామీ అని అంతమంది ఎత్తుకున్నారు. ఆ మాల అప్ప వేయించిందే."

ఇదే ఆయన అన్నది. ఒక్క ముక్క కలపలేదు, తీయలేదు.

అప్పుడు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ దాటుకుంటూ పోయేవాళ్ళలో నేనూ ఉండేదాన్నేమో, వదినా. ఆయన లోపలికొచ్చి నా ఏడుపు చూడనట్టే నటించి, పొయ్యి మీద గిన్నె మూత తీసి చూశారు. "ఇంకా ఉడకలేదేటి? ఆకలేస్తోంది లోవా" అన్నారు.

ఆ మాట ఆయన నోట విని నాకు నెలలైంది. అన్నం పెట్టి వచ్చి ఈ ఉత్తరం ముగిస్తున్నాను. టిక్కెట్లు తీసుకోండి, ఇద్దరూ రండి. ఆయన రెండోసారి కూర అడుగుతున్నారు, వెళ్ళాలి.

మీ లోవ